బ్లేడు సందు

ముచ్చుమర్రి రేవులో మద్దిలేటి బోటు
మూడు నెలలుగా దగ్గుతోంది.
ఎక్కినవాళ్ల పళ్లు టకటకా కొట్టుకుంటాయి.
మిరప బస్తాల మీది మేకపిల్ల
నాలుగు కాళ్లూ ఎడంగా పెట్టి బిగుసుకుపోతుంది.
డీజిలు ట్రిప్పుకు లీటరు ఎక్కువ.
ఇరుసు బయటికి పోయే బొక్కలోంచి నీళ్లు.
తాడుకు గ్రీజు పూసి కుక్కుతాం,
మరునాటికి మళ్లీ నీళ్లు.
తోడిపోసేవాణ్ని నేనే.
ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఎంత దూరమని ఎవరడిగినా
నలభై బకెట్లు అని చెప్పేవాణ్ని.

“వదులైనాయి, బోల్టులు బిగిచ్చు” అన్నాడు మద్దిలేటి.
కాశింవలి బిగించలేదు.
నాలుగూ ఊడదీశాడు.

ఇటు ఇంజనుది, అటు ఇరుసుది,
రెండు ఇనుప బిళ్లలు ఎదురెదురుగా,
పంచాయతీకి పిలిపించిన అన్నదమ్ముల్లా.
అంగీ జేబులోంచి గడ్డం బ్లేడు తీసి
వాటి నడుమ దూర్చాడు.
పైన దూరలేదు.
పక్కల బిగుతుగా ఆగింది.
కింద మాత్రం
ఆరు బ్లేడుల మందం జారిపోయి, ఇంకా చోటుంది.

“ముక్కు వాలిందప్పా నీ ఇంజను.
ముందరి కాళ్ల కింద రబ్బరు సూడు,
కారిన డీజిలు తాగి తాగి పిండైపోయింది.
అది సాలక, ఎండకాలం బోటును
బురదలో రాళ్ల మీద నిలబెట్టి
దారం పట్టి సరిజేస్తివంట గదా?
గట్టు మీద సరిజేసింది గట్టుకే సరి.
నీళ్లలోకి దిగినాక చెక్క తన ఒంపు తాను తీసుకుంటాది.
దినమంతా తేలనిచ్చి, అప్పుడు సూడల్ల.”

“కాగితమంత సందుకు ఇంత కతనా?”
బడి వదిలి వచ్చిన టీచరమ్మ
టిఫిను గిన్నె చేతులు మార్చుకుంటూ విసుక్కుంది.
అతను జవాబివ్వలేదు.
నా చెయ్యి పట్టి ఇరుసు మీద పెట్టాడు.
గోరు దిగేంత గాడి.
గుండ్రంగా ఉండాల్సిన బుష్షు
కోడిగుడ్డు.

ఈ ఇంజను పుట్టుకతో బోటుది కాదు.
మద్దిలేటి నాయన చేనిలో, బావి గట్టున,
సిమెంటు దిమ్మెలో కాళ్లు పాతుకుని
శెనక్కాయ పైరుకు నీళ్లు తోడేది.
డ్యాము నీళ్లొచ్చి చేను పోయింది, బావి పోయింది.
ఇంజనొక్కటే దిమ్మె పగలగొట్టించుకుని
ఎద్దులబండిలో గుట్టెక్కింది.
కదలని చోట నేర్చుకున్న పనిని
కదిలే చోట చెయ్యమంటే...
కాశింవలి ఆ మాట అనలేదు. నాకే తోచింది.

నూనెడబ్బా రేకు కత్తిరించి
ముందరి కాళ్ల కింద ఒకటి పెట్టాడు, చూశాడు.
ఇంకొకటి పెట్టాడు, చూశాడు, తీసేశాడు.
అగ్గిపెట్టె అట్టంత పలచనిది పెట్టాడు.
కుడి బోల్టు అరసుట్టు, ఎడమది పావుసుట్టు.
చీకటి పడేముందు
బ్లేడు బిళ్ల చుట్టూ ఒకే బిగుతుతో తిరిగింది.
“బుష్షు మారిస్తేనే పూర్తి లెక్క.
ఈ పొద్దుకు సగమియ్యి.”
బ్లేడును లుంగీకి తుడిచి
కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాడు.
రేపు దాంతోనే గడ్డం గీసుకుంటాడు.

చివరి ట్రిప్పు.
ఇంజను పక్కన పెట్టిన మద్దిలేటి టీ గ్లాసు
అంచు దాటి తొణకలేదు.
నడి ఏట్లో, బావి ఉందని చెప్పే చోట,
ఎప్పటిలాగే వేగం తగ్గించాడు.
టీచరమ్మ పక్కామెతో మెల్లగా ఏదో అంటోంది,
పెసలు నానబెట్టడం మరిచిపోయానని.
ఆ మాట నాదాకా వినబడింది.
అలవాటు కొద్దీ తోడుతూనే ఉన్నాను.
మూడో బకెట్‌కే
అడుగు గరగరమని చెక్కకు తగిలింది.